దసరా సెలవులకు వియత్నాం ప్యాకేజీ కొంటున్నారా? అడ్వాన్సు కట్టేముందు ఇది చదవండి

నిన్న మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒక ప్యాకేజీ పంపి, "వదినా, ఇది బుక్ చేద్దామనుకుంటున్నాం, ఎలా ఉంది?" అని అడిగింది. తెరిచి చూస్తే మాకు అమ్మిందే. అవే ఫొటోలు, అవే ఎనిమిది రోజులు. హనోయి, హాలాంగ్ బే, డా నాంగ్, హోయి ఆన్, హో చి మిన్ సిటీ. అదే "దసరా స్పెషల్". తను డబ్బు కట్టకముందే ఆపగలిగాను. మిగతావాళ్లకూ తెలియాలని రాస్తున్నాను.

మేం ఆరుగురం వెళ్లాం. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, పిల్లలిద్దరు. విమానంతో కలిపి మనిషికి 72 వేలు. వానలుంటాయా అని నేను ముందే అడిగాను. "వర్షాకాలం సెప్టెంబరుతో అయిపోతుంది మేడమ్, అక్టోబరు చాలా ప్లెజెంట్‌గా ఉంటుంది" అన్నాడు ఏజెంటు. హనోయిలో నిజంగానే అలా ఉంది. పగలు ఎండ, సాయంత్రం చల్లగాలి, హాలాంగ్‌లో పడవ మీద పిల్లలు ఎంత సంతోషపడ్డారో. కానీ అతను చెప్పింది ఉత్తరానికి సంబంధించిన మాట. దాన్నే దేశమంతటికీ కలిపి అమ్మాడు.

దేశం మధ్య భాగంలో ఉన్న డా నాంగ్‌లో దిగేసరికి వాన. ఉన్నన్నాళ్లూ వదల్లేదు. బానా హిల్స్‌కి కేబుల్ కార్‌లో 1,400 మీటర్ల ఎత్తుకు వెళ్తే, పెద్ద చేతులు మోస్తున్నట్టుండే ఆ బంగారు వంతెన మీద పక్క మనిషే కనిపించలేదు. అత్తయ్య మోకాళ్ల నొప్పులతో, తడిసిన చీరతో రెయిలింగ్ పట్టుకుని నిలబడితే నాకు ఏడుపొచ్చింది. మర్నాడు హోయి ఆన్‌లో నది నీళ్లు వీధిలోకి వచ్చేశాయి. మేం వాన తప్పించుకోవడానికి దూరిన ఒక పాత ఇంట్లో, ఏ ఏడాది వరద ఎంత ఎత్తుకొచ్చిందో గోడ మీద గీతలు గీసి పెట్టారు. కొన్ని నా తలకంటే పైన ఉన్నాయి. ఆ ఇంటివాళ్లు కంగారేమీ లేకుండా కుర్చీలు, సామాన్లు మేడ మీదికి చేరవేస్తున్నారు. అంటే ఇది ఆ ఊరికి ఏటా వచ్చేదే. మాకే ఎవరూ చెప్పలేదు.

నెల్లూరు వాళ్లకైతే ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. హైదరాబాద్‌లో వానలు వెనక్కి పోయాక వాళ్లకి ఈశాన్య రుతుపవనాలతో అసలు వానలు మొదలవుతాయి కదా, డా నాంగ్‌ది అదే లెక్క. సముద్రం మీంచి వచ్చే తేమగాలి ఒడ్డు వెనకాల కొండలకు తగిలి అక్కడే కురుస్తుంది. ఒక్క అక్టోబరులోనే సగటున 600 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తానికి పడేది 800 చుట్టుపక్కల. వియత్నాం పైనుంచి కిందికి 1,600 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, అంత పొడవుకీ ఒకే సీజన్ ఎలా ఉంటుంది?

ఇంకో సంగతి తిరిగొచ్చాక తెలిసింది. డా నాంగ్ హోటళ్లు ఆ నెలల్లో రేట్లు తగ్గించేస్తాయి. మాకు ఆఫర్ అని చెప్పిన తగ్గింపు అక్కడిదే. రీఫండ్ అడిగితే వోచరు చివర చిన్న అక్షరాల్లో ఉన్న "వాతావరణ కారణాలకు వాపసు లేదు" అన్న లైను చూపించాడు. మేం చదవకుండా సంతకం పెట్టాం. మీరు చదవండి.

మన సెలవులకు ఏది పనికొస్తుందో చెప్తాను. దసరాకైతే హనోయి, నిన్ బిన్, హాలాంగ్ చూసి వచ్చేయండి, డా నాంగ్, హోయి ఆన్ ఉన్న మధ్య భాగం జోలికి వెళ్లొద్దు. సెప్టెంబరు దాకా హాలాంగ్‌కి తుఫాన్ల భయం ఉంటుంది (2024 సెప్టెంబరులో యాగి తుఫాను ఆ తీరాన్ని ధ్వంసం చేసింది). హెచ్చరిక వస్తే పడవలు కదలనివ్వరు. సంక్రాంతికి దక్షిణాన ఉన్న హో చి మిన్, ఫు క్వోక్ దీవి హాయిగా ఉంటాయి, హనోయిలో మాత్రం చలి, మబ్బు, స్వెటర్లు తప్పవు. వేసవి సెలవుల్లో డా నాంగ్ బీచ్ బాగుంటుంది గానీ ఎండ మనలాగే మాడుస్తుంది. దక్షిణాన మే నుంచి మధ్యాహ్నాలు వాన కొట్టి వెలుస్తుంది. మూడు భాగాలూ ఒకే ట్రిప్పులో చూడాలంటే మార్చి నెల, ఏప్రిల్ మొదటి వారాలే. అప్పుడు పిల్లల పరీక్షలుంటాయి, నాకూ తెలుసు. అలాంటప్పుడు రెండు ట్రిప్పులుగా చేసుకోండి.

ఏజెంటును "అక్టోబరు బాగుంటుందా?" అని అడక్కండి. ఊరి పేరు, తేదీ చెప్పి అడగండి. "14న హోయి ఆన్‌లో నీళ్లొస్తే మమ్మల్ని ఎక్కడ ఉంచుతారు, డబ్బు ఎంత తిరిగిస్తారు?" అని. జవాబు ఫోన్‌లో కాకుండా మెసేజ్‌లో రాయించుకోండి. రాయనంటే అడ్వాన్సు కట్టొద్దు.