కందకుర్తి నుంచి మంగపేట దాకా: గోదావరి ఒడ్డు నడక, 5 చలికాలాల తర్వాత

2020 డిసెంబర్‌ల కందకుర్తి దగ్గర మొదలుపెట్టిన. మంజీర వచ్చి గోదావరిల కలిసేది అక్కడే, నది తెలంగాణలకు వచ్చేదీ అక్కడే. 2025 ఫిబ్రవరిల ములుగు జిల్లా మంగపేట చేరిన. మధ్యల 11 విడతలు, 29 రోజుల నడక, అంతా కుడి ఒడ్డునే. హన్మకొండల ఉద్యోగం చేసుకుంట ఒక్కసారే అంత దూరం పోలేను. అందుకే రెండు మూడు రోజులు నడుసుడు, బస్సెక్కి ఇంటికొచ్చుడు, మళ్ల ఆగిన చోటికే పోయి అక్కడి నుంచే అడుగేసుడు. చాలా విడతల్లో మా బామ్మర్ది తోడున్నడు.

అందరూ మొదట అడిగేది బాట ఉన్నదా అని. లేదు. రైతులు నదిల మోటర్లు దించుకుంటరు, వాటిని చూసుకునేటందుకు రోజూ పోయివచ్చే కాలిబాటలు మాత్రం ఉన్నయి. అయితే అవి ఊరి నుంచి నీళ్ల దాకా వచ్చే బాటలు, నది వెంట పోయేవి కావు. ఒక మోటరుకూ ఇంకో మోటరుకూ నడుమ సర్కారు తుమ్మ, పత్తి చేన్లు, ఇసుక. మంచిగ సాగిన రోజు 18 కిలోమీటర్లు నడిచినం, ముళ్లల్ల పడ్డ రోజు తొమ్మిది దాటలేదు.

ఇన్నేండ్లకు నాకు అర్థమైన అసలు సంగతి వాగులది. మ్యాపు మీద దూరం కొలిచి రోజుకింత అని పంచుకుంటే లెక్క తప్పుతది. ఆ రోజు నడకల ఎన్ని వాగులు వచ్చి కలుస్తయో, ఒక్కోదానికి వంతెన ఎంత లోపల ఉన్నదో చూసుకోవాలె. ఇది మానేరు దగ్గర నేర్చుకున్న. మంథని దాటినంక మానేరు గోదావరిల కలిసే చోట ఎటు చూసినా ఇసుకే, నడుమ సన్నగా రెండు మూడు పాయలు. మోకాలు లోతు కూడా ఉండదనుకొని దిగబోయిన. బర్లు కాస్తున్న ఒకాయన దూరం నుంచే కేకేసిండు: "దిగకు సారూ, ఊబి ఉన్నది. మొన్ననే బర్రె దిగవడ్డది." ఒడ్డు పట్టుకొని వెనక్కి, అడవిసోమన్‌పల్లి వంతెన దాకా పోయి దాటి, మళ్ల నది దిక్కు వచ్చేసరికి పొద్దుగూకింది. పొద్దుగాల నుంచి 17 కిలోమీటర్లు నడిస్తే గోదావరి వెంట ముందుకు పోయింది నాలుగే. ఆ రాత్రి కాళ్ల నొప్పుల కన్నా, ఆయన అక్కడ లేకపోతే ఏమయ్యేదో అన్న ఆలోచనే ఎక్కువ బాధపెట్టింది. అప్పటి నుంచి ముందు రాత్రే వంతెనలు వెతికి పెట్టుకుంటున్న.

వాగుల తర్వాత తిప్పలు పెట్టేది నిలవ నీళ్లు. శ్రీరాంసాగర్ నిండు మట్టం 1,091 అడుగులు. డిసెంబర్‌ల ప్రాజెక్టు నిండుగుంటే నందిపేట దిక్కు ఒడ్డు అనేదే ఉండదు, నీళ్లు చేన్ల గట్లకు తాకుతయి. ఫిబ్రవరి ఆఖరుకు నీళ్లు దిగుతయి, ఎండిన ఒండ్రు మీద నడక హాయిగుంటది. ఈ భాగం ఎవరు పోయినా అప్పుడే పోవాలె. శ్రీరాంసాగర్ కట్ట ఉన్న పోచంపాడుల, కాకతీయ కాలువ మొదలయ్యే చోట చాలాసేపు నిలబడ్డ. 284 కిలోమీటర్ల కాలువ అది, మా వరంగల్ దిక్కు వచ్చేది ఆ నీళ్లే. మా నాయిన రాత్రిళ్లు కందిలి పట్టుకొని చేనుకు మలిపిన నీళ్లు ఈ తూముల నుంచే వచ్చినయని చూస్తే గొంతు పట్టుకున్నది.

మేడిగడ్డ పైభాగంల ఇంకో రకం. మంథని నుంచి కాళేశ్వరం దాకా 2023 జనవరిల ఒకసారి నడిచిన. అప్పుడు రాలేకపోయిన బామ్మర్ది కోసం 2025 జనవరిల మళ్ల నడిచిన. మొదటిసారి కాళేశ్వరం దగ్గర నీళ్లు నిలిచి ఉండె, చేన్ల మీదికెక్కి పోయిన. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ కుంగినంక నీళ్లు వదిలేసిండ్రు గదా, రెండోసారి అదే చోట ఇసుక మీద నడిచినం. పాత ఫోన్ గుర్తులు ఒక్కటీ పనికిరాలేదు.

అన్నిట్ల మంచి భాగం ఏదంటే ఎర్దండి నుంచి ధర్మపురి, అక్కడి నుంచి కోటిలింగాల. జనవరి నెలల ఆ దిక్కంతా పసుపు ఉడకబెడతరు, ఆ వాసన అర కిలోమీటరు ముందే తెలుస్తది. పసుపు ఆరబోస్తున్న ఒకామె, "ఏ ఊరు బిడ్డా, మొక్కున్నదా?" అని అడిగింది. మొక్కు కాదమ్మా, ఊరికేనే అన్న. "ఊరికే గింత దూరం ఎవలు నడుస్తరు బిడ్డా," అనుకుంట జొన్నరొట్టె చేతుల పెట్టింది. ధర్మపురిల నరసింహస్వామి దర్శనం చేసుకొని రాత్రి అక్కడే ఉన్నం. కోటిలింగాల పెద్దవాగు గోదావరిల కలిసే చోటు. శాతవాహనుల తొలి రాజు సిముకుని నాణేలు దొరికింది ఇక్కడనే. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఆ ఒడ్డు దాకా ఎక్కినయి. బడి పిల్లలను ఏడాదికి ఒక్కసారన్నా తీసుకుపోవాల్సిన చోటు అది, నేను పోయిన రోజు మనిషి జాడ లేదు.

ఎల్లంపల్లి నుంచి గోదావరిఖని దాటేదాక రోడ్డే మేలు. పలిమెల నుంచి ఏటూరునాగారం దాకా అడవి, అక్కడ కూడ ఒడ్డు వదిలి రోడ్డు పట్టినం. ఎలుగుబంట్లు తిరిగే చోట ధైర్యం చూపుడు తగదు.

మొదటి ఏడు కొన్న ఖరీదైన బూట్లు ఇసుక నిండి రెండు విడతలకే మడమలు పుండ్లు చేసినయి. అప్పటి నుంచి పట్టీల రబ్బరు చెప్పులు, లోపల మేజోళ్లు, చేతుల వెదురు కర్ర. మూడు లీటర్ల నీళ్లు మోస్తే చాలు, చాలా ఊర్లల్ల వాటర్ ప్లాంటు ఉన్నది. బ్యారేజీల కింద ఇసుక మీద మాత్రం పండుకోవద్దు, గేట్లు ఎప్పుడు లేపుతరో తెలువది. విడత ముగించేది దూరం చూసి కాదు, ఆఖరి బస్సు ఆగే ఊరు చూసి. ఇది తెలువక ఒకసారి జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం దిక్కు రాత్రి ఏడు గంటలకు ట్రాక్టరు ట్రాలీల కూసొని రోడ్డు చేరినం.

ఇక మంగపేట నుంచి భద్రాచలం మిగిలింది. ఆ దారిల వాగు దాటాల్సిన రోజు ఏదో ముందే చూసుకున్న. ఆ రోజుకు ఆరు కిలోమీటర్లు తక్కువ రాసిపెట్టుకున్న.