మెఖెలెన్‌లో రెండు రోజులు, బాస్ డాన్స్ అడుగులు

15వ శతాబ్దంలో ఐరోపాలోని బుర్గుండీ ఆస్థానంలో ఆడిన బాస్ డాన్స్ అనే నెమ్మదైన జంట నాట్యపు అడుగులు నేర్పుతున్నారని తెలిసి, కూచిపూడి గురువైన మా శ్రీమతితో కలిసి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి బెల్జియంలోని మెఖెలెన్‌కు వెళ్ళాను. ప్రయాణం సాఫీగా జరిగింది. శిక్షణ రుసుము మనిషికి 95 యూరోలు. అందులో ఒక్కటీ వృథా కాలేదు.

మోసపోయింది బస దగ్గర. రాత్రిళ్ళు సాధన చేసుకోవాలి కనుక, ప్రకటనలో చెక్క నేల, విశాలమైన గది అని చూసి రెండు రాత్రులకు 236 యూరోలు ముందే కట్టాము. తీరా చూస్తే అది వాలు కప్పు కింద అటక గది. మంచం పోగా నాలుగడుగులు వేసే చోటు లేదు, మునివేళ్ళ మీద లేస్తే దూలం నెత్తికి తగులుతుంది. అడిగితే యజమాని జవాబు చెప్పకపోగా, శుభ్రం చేసినందుకంటూ మరో 35 యూరోలు వసూలు చేశాడు. ఆ రాత్రి శ్రీమతి భోజనం ముట్టలేదు. సాధన కోసం వెళ్ళేవారు గది కొలతలు రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే డబ్బు కట్టాలి.

మర్నాడు శిక్షణలో నాట్యం నేర్పే గురువు మా ముందు పెట్టిన ఒక పాత నాట్య గ్రంథపు నకలు పుటతో శ్రీమతి ముఖం తేటపడింది. ఈ ఊరి నుంచే అప్పటి నెదర్లాండ్స్‌ను రాజప్రతినిధిగా పాలించిన ఆస్ట్రియా మార్గరెట్ దగ్గర ఉండిన ఆ నాట్య గ్రంథం, నల్లరంగు అద్దిన చర్మపత్రాల మీద బంగారు, వెండి సిరాలతో రాసినది, ఇప్పుడు బ్రస్సెల్స్ రాజ గ్రంథాలయంలో ఉంది. దీర్ఘ స్వరాల వరుస కింద కొన్ని అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి: పెద్ద ఆర్ అంటే వందనం, బి అంటే ఎడమ పాదంతో మొదలై కుడితో ముగిసే ఊగు, రెండు ఎస్‌లు రెండు ఒంటి అడుగులు, డి మూడడుగుల డబుల్, చిన్న ఆర్ వెనుకడుగు. ఒక్కో స్వరానికి ఒక్కో కదలిక. అయితే స్వరం నిడివిలో శరీరం ఎక్కడ లేవాలో, ఎక్కడ దిగాలో ఆ అక్షరాలు చెప్పవు. అందుకే డబుల్‌ను గురువు మొదటి అడుగులో లేచి ఒకసారి, రెండో అడుగులో లేచి మరోసారి చేయించి, రెండూ ఊహలేనని స్పష్టంగా చెప్పారు. ఆ నిజాయతీ నాకు ఎంతో నచ్చింది.

పాదం తట్టి తాళం చూపడం అలవాటైన శ్రీమతి, చప్పుడు లేకుండా నేలను రాసుకుంటూ పోయే ఈ నడకకు గంటసేపు తడబడింది. మధ్యాహ్నానికి మడమ ముందుగా దించడం మానేసింది. ఆ తరువాత ఆమె నా చేయి పట్టుకుని నడుస్తుంటే అడుగు వినిపించలేదు, వేళ్ళ ఒత్తిడిలో మాత్రమే తెలిసింది. తిరుగు రైలు ఆలస్యమైనప్పుడు, స్టేషన్‌లో ఆ వరుస మొత్తాన్ని వందనంతో మొదలుపెట్టి నాతో రెండుసార్లు వేయించింది.