పాలు పోసే పనిమనిషి, పాటలు పాడే ఇల్లు

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో రెండు బొమ్మలున్నాయి. రెండూ 17వ శతాబ్దపు డచ్ ఇళ్లే. ఒకటి వెర్మీర్ 1660 ప్రాంతంలో వేసిన ‘పాలు పోసే పనిమనిషి’, రెండోది యాన్ స్టేన్ 1668లో వేసిన ‘కులాసా కుటుంబం’.

వెర్మీర్ బొమ్మ అర మీటరు ఎత్తు కూడా ఉండదు. ముందుగా గోడ చూడండి. ఉత్త తెల్లగోడ, దానికో మేకు, మేకు నీడ, పాత మేకులు పీకేసిన చిల్లులు. బుట్టలోని రొట్టె పెచ్చు మీద వెలుగు చిన్న చిన్న రంగు చుక్కలుగా మెరుస్తుంది. ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డ నీలం, లాపిస్ లాజులి రాయి నూరి తీసిన రంగు. అప్పట్లో మహా ఖరీదు. ఇంతా చేసి ఆ గదిలో జరిగేది పాలు సన్నటి ధారగా పడటం, అంతే.

స్టేన్ ఇంట్లో ఒకటే గోల. పెద్దలు తాగి పాడుతుంటే పిల్లలూ పొగాకు పీల్చే గొట్టం నోట పెడతారు. పైన వేలాడే చీటీలో, పెద్దలు పాడినట్టే పిల్లలూ ఊదుతారన్న సామెత. మన ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ లాంటిదే. చిందరవందర ఇంటిని డచ్చివాళ్లు ఇప్పటికీ ‘యాన్ స్టేన్ కాపురం’ అంటారు.

ఏది ఎక్కువ నిజం? స్టేన్‌ది నీతి కోసం పేర్చిన నాటకమే అనిపిస్తుంది నాకు. అలాగని వెర్మీర్ కళ్లముందున్నది ఉన్నట్టు దించేశాడనుకోకండి. గోడకు కూజాలు తగిలించే పలకనూ, కింద నిప్పుల బుట్టనూ మొదట వేసి తర్వాత చెరిపేశాడని 2022లో స్కానింగులో బయటపడింది. మేకును మాత్రం ఉంచాడు.