ది సెలెక్షన్: 35 మంది అమ్మాయిలు, ఒక యువరాజు, కొనాల్సినవి మూడు పుస్తకాలే

ఇంటర్ చదివే పిల్లకి పుట్టినరోజు కానుకగా చాలామంది ఐదు పుస్తకాల బాక్స్ సెట్టు కొంటారు. అట్ట మీద గౌన్లు అంత అందంగా ఉంటాయి మరి. కానీ మూడు చాలు. కియెరా క్యాస్ రాసిన 'ది సెలెక్షన్' (2012), 'ది ఎలీట్' (2013), 'ది వన్' (2014) నిజానికి ఒకే నవల, మూడు ముక్కలుగా కోసి అమ్మారు. మొదటిది ఒక్కటే కొని ఆపితే కథ నడిరోడ్డు మీద ఆగుతుంది, ఎవరు గెలిచారో తెలీదు. 2015, 2016ల్లో వచ్చిన 'ది ఎయిర్', 'ది క్రౌన్' తర్వాతి తరం కథ. వాటి సంగతి చివర్లో.

కథ జరిగేది రేపటి అమెరికాలో. చైనాకి బాకీ తీర్చలేక, యుద్ధాల్లో చితికిపోయి, చివరికి గ్రెగరీ ఇలియా అనే ఆయన పేరు మీద ఇలియా అనే రాజ్యంగా మారిన దేశం. జనాన్ని ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలతో విడగొట్టారు. రాజవంశం ఒకటి. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు ఎనిమిది. యువరాజు మాక్సన్‌కి పెళ్ళీడు రాగానే 35 ప్రాంతాల నుంచి 16 - 20 ఏళ్ళ మధ్య అమ్మాయిలు దరఖాస్తులు పెట్టుకుంటారు, ప్రాంతానికొకరు చొప్పున 35 మంది రాజభవనానికి వస్తారు. ఆ తర్వాత అంతా టీవీలోనే. శుక్రవారం శుక్రవారం వచ్చే 'రిపోర్ట్' కార్యక్రమంలో ఎవరు ఉన్నారో, ఎవరు ఇంటికెళ్ళారో దేశమంతా చూస్తుంది. బిగ్ బాస్ ఎలిమినేషన్లకి అలవాటు పడ్డవాళ్ళకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

మన స్వయంవరాన్ని తిరగేస్తే వచ్చేది ఇదే. వరుసగా నిలబడేది వధువులు, దండ పట్టుకు తిరిగేది వరుడు. రచయిత్రి తనకి ప్రేరణ బైబిల్లోని ఎస్తేరు కథ, సిండ్రెల్లా కథ అని చెప్పుకుంది. రాజు ముందుకి వెళ్ళడానికి పన్నెండు నెలలు తైలాలతో, సుగంధాలతో తయారైన ఎస్తేరు ఇక్కడి మేకోవర్ గదిలో స్పష్టంగా కనిపిస్తుంది. భారతం చదివినవాళ్ళకి మాత్రం ముందు గుర్తొచ్చేది అంబ. మనసు సాళ్వుడి దగ్గర, మనిషి హస్తినలో. కథానాయిక అమెరికా సింగర్ (అవును, ఆ పిల్ల పేరే అమెరికా) పరిస్థితి కూడా అంతే. ఐదో అంకె కుటుంబం, పాటలు పాడి, బొమ్మలు వేసి బతుకుతారు. ఆమె ప్రేమించిన ఆస్పెన్ ఆరో అంకె, అంటే నౌకర్ల వర్గం.

పుస్తకం సత్తా తెలియాలంటే మొదట్లో వచ్చే చెట్టు ఇంటి సన్నివేశం చూడాలి. రాత్రి కర్ఫ్యూ దాటాక ఇద్దరూ దొంగచాటుగా పెరట్లో చెట్టు మీది చిన్న గదిలో కలుసుకుంటారు. ఆమె తన వాటా తిండి మిగిల్చి తెచ్చిపెడుతుంది. పాట పాడితే అతను ఒక పెన్నీ ఇస్తాడు, ఆ నాణేలన్నీ ఆమె ఒక జాడీలో దాచుకుంటుంది. పోటీకి దరఖాస్తు పెట్టమని బతిమాలింది కూడా అతనే, తన వల్ల ఆమెకి అవకాశం పోయిందన్న అపరాధభావం తనకి మిగలకూడదని. ఒక రాత్రి ఆమె ఎప్పటికంటే ఎక్కువ వండి విందులా పరిస్తే అతనికి సంతోషం రాదు, పౌరుషం వస్తుంది. పోషించాల్సినవాణ్ని నేను కదా, నువ్వు నాకు పెట్టడమేంటి అని అక్కడికక్కడే తెంచేసుకుంటాడు. ప్రేమ తెగింది అన్నం దగ్గర. మొత్తం సీరీస్‌లో ఇంత నిజమైన చోటు మళ్ళీ రాదు. ఆకలి గురించి రాసినప్పుడు క్యాస్ కలం ఎక్కడా తప్పు పడదు. దరఖాస్తు పెడితే నీ సంపాదనలో సగం నువ్వే ఉంచుకో అని తల్లి ఆశ పెట్టడం, కూతురు పోటీలో ఉన్నన్నాళ్ళూ ఇంటికి డబ్బు రావడం, రాజభవనం భోజనాల బల్ల దగ్గర అమెరికా తినే తీరు, ఇవన్నీ ఒక కోవలోవే.

ఎంపికయ్యాక ఇంటికొచ్చిన అధికారి చెప్పే నిబంధనలు ఉన్న పేజీలు గబగబా తిప్పేయకండి, తర్వాతి మలుపులన్నీ వాటి మీదే నిలబడ్డాయి. తనంతట తాను పోటీ వదిలి వెళ్ళకూడదు, పంపాల్సింది యువరాజే. ఎన్నాళ్ళు అనే గడువు లేదు. తోటి అమ్మాయిలతో కొట్లాట, కుట్ర కుదరవు. బయట ప్రేమ వ్యవహారం బయటపడితే అది రాజద్రోహం, శిక్ష మరణం. యువరాజు ఏమడిగినా కాదనకూడదని కూడా అధికారి నసుగుతూ చెబుతాడు. ఆ మాట బుర్రలో పెట్టుకునే అమెరికా తోటలో మాక్సన్ మాటల్ని అపార్థం చేసుకుని మోకాలితో అతని తొడ మీద ఒక్కటి ఇస్తుంది. నవ్వొచ్చే ఘట్టమే, కానీ కింద ఉన్న భయం నవ్వులాటది కాదు. అంతకుముందే అమెరికా అతనితో ఒక మాట కుదుర్చుకుంది. నాకు నీ మీద ప్రేమ లేదు, మా ఇంటికి డబ్బు కావాలి, ఇక్కడ తిండి బాగుంది, నన్ను ఉంచుకో, మిగతా అమ్మాయిల గురించి నీకు సలహా ఇస్తాను. ఇదీ ఒప్పందం. స్ట్రాబెరీ టార్ట్ మీద కాసిన పందెం (గెలిస్తే వారం పాటు గౌన్లు మానేసి ప్యాంటు వేసుకోవచ్చు), చెవి లాక్కుంటే మాట్లాడాలి అని సైగ, ఇలాంటి చిన్న చిన్న వాటితో మాక్సన్ బొమ్మ రాజకుమారుడి స్థాయి దాటి మనిషవుతాడు.

ఇబ్బంది మొదలయ్యేది కూడా ఆ నిబంధనల దగ్గరే. అవి అందరికీ వర్తిస్తాయి, అమెరికాకి తప్ప. తోటి పోటీదారు, మంచి పిల్ల మార్లీ కాపలావాడితో దొరికిపోతే నలుగురి ముందు నిలబెట్టి ఇద్దరికీ చెరో 15 బెత్తం దెబ్బలు, ఆమెకి అరచేతుల మీద. ఆ వెంటనే ఎనిమిదో అంకెకి తోసేస్తారు. రెండో పుస్తకంలో గుండె పట్టుకునే ఘట్టం అది. అదే నేరం అమెరికా అదే భవనంలో చేస్తూనే ఉంటుంది, ఎందుకంటే సైన్యంలో చేరిన ఆస్పెన్‌ని తెచ్చి సరిగ్గా అక్కడే కాపలాకి పెట్టింది రచయిత్రి. మార్లీని చూశాక కూడా ఆమెకి జాగ్రత్త రాదంటే నమ్మబుద్ధి కాదు. ఉత్కంఠ సడలేది అందుకే.

'ది ఎలీట్' అసలే మధ్య పుస్తకం. 35 మంది మొదటి పుస్తకం చివరికే ఆరుగురయ్యారు, ఇక పంపేయడానికి మనుషుల్లేరు. దాంతో ఆ ఖాళీని అమెరికా ఊగిసలాటతో నింపారు. ఒక అధ్యాయంలో మాక్సన్, తర్వాతి దాంట్లో ఆస్పెన్, ఆ తర్వాత ఇద్దరూ వద్దు. ఓపిక లేనివాళ్ళు మూడు చోట్ల మాత్రం నిదానించి, మిగతాది కంటితో తిరగేసినా కథ చెడదు: మార్లీ శిక్ష, గ్రెగరీ ఇలియా డైరీ, చివర్లో ప్రత్యక్ష ప్రసారంలో అమెరికా చేసే ప్రతిపాదన.

ఇక ఆ అంకెల సంగతి. ఇంగ్లీషులో రచయిత్రి వాడిన మాట కులమే. మన పాఠకులకి గొంతులో ముల్లు పడేది ఇక్కడే. ఈ కులానికి అంటరానితనం లేదు, వేరే గ్లాసు లేదు, ఊరి బయట వాడ లేదు. డబ్బుంటే పై అంకె కొనుక్కోవచ్చు, పెళ్ళయితే భార్యకి భర్త అంకె వస్తుంది. పోటీకి ఎంపికైతే చాలు, కింది అంకెవాళ్ళంతా మూడుకి ఎక్కేస్తారు. అంటే ఇది వృత్తుల వారీగా కట్టిన జీతాల పట్టిక, కులం కాదు. ఒక్క వివరం మాత్రం ఉలిక్కిపడేలా చేస్తుంది. వేరే అంకెవాళ్ళు పెళ్ళి చేసుకోవాలంటే ఫారం నింపి 90 రోజులు ఆగాలి, మనసు మార్చుకోవడానికి గడువట. మన 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో 30 రోజుల నోటీసు ఉంది. ఆ నోటీసు బోర్డు కెక్కాక ఇళ్ళల్లో ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళకి ఈ రెండు లైన్లలోనే ఇంకో నవల కనిపిస్తుంది. క్యాస్ అటు వెళ్ళలేదు.

తిరుగుబాటుదారులూ అంతే. ఉత్తరాదివాళ్ళు, దక్షిణాదివాళ్ళు అని రెండు ముఠాలు. కథ చప్పబడ్డప్పుడల్లా భవనం మీద పడతారు, అందరూ రహస్య గదుల్లోకి పరుగు. దేశంలోకెల్లా గట్టి కాపలా ఉన్న ఇంట్లోకి ఇన్నిసార్లు ఎలా చొరబడుతున్నారో అడక్కూడదు. 'ది వన్'లో వాళ్ళకి ఎట్టకేలకు ఒక పని దొరుకుతుంది, రాజు క్లార్క్‌సన్ క్రూరత్వం బయటపడుతుంది, తోటి పోటీదారు సెలెస్ట్ లాంటి గయ్యాళి పాత్రకి కూడా మంచి మలుపు వస్తుంది. కానీ ముగింపు పరుగుపందెమే. ఎవరు పోయారో, ఎవరు మిగిలారో ఏడవడానికైనా తీరిక ఇవ్వకుండా కొద్ది పేజీల్లో తేల్చేశారు.

నాలుగు, ఐదు పుస్తకాల్లో యువరాణి ఈడ్లిన్ వరుణ్ని ఎంచుకుంటుంది, ఈసారి నిలబడేది 35 మంది అబ్బాయిలు. అసలు సిసలు స్వయంవరం అన్నమాట, ఊహకి మంచిదే. కానీ ఈడ్లిన్‌కి ఆకలి తెలీదు, పోగొట్టుకునేది ఏమీ లేదు, విసుగు తప్ప. వీటిని లైబ్రరీలో దొరికితే చదవండి. పైగా 'ది ఎయిర్' వెనక అట్ట చదివినా మొదటి మూడింటి ఫలితం తెలిసిపోతుంది, కాబట్టి సెట్టు కొన్నా అది పిల్లల కంట పడనీయకండి.

నవలికలు నాలుగున్నాయి: 'ది ప్రిన్స్', 'ది గార్డ్', 'ది క్వీన్', 'ది ఫేవరెట్'. మాక్సన్ వైపు నుంచి చెప్పే మొదటిది, అతని తల్లి ఆంబర్లీ పోటీ రోజుల గురించిన 'ది క్వీన్' బాగుంటాయి. 'ది సెలెక్షన్ స్టోరీస్' పేరుతో రెండేసి కథల సంపుటాలు వచ్చాయి, 2015లో నాలుగూ కలిపి 'హ్యాపిలీ ఎవర్ ఆఫ్టర్' వచ్చింది. ఇది ఉంటే అవి దండగ. మూడు నవలలూ అయ్యాకే తెరవాలి.

ఇంగ్లీషు చాలా తేలిక. చిన్న వాక్యాలు, ఉత్తమ పురుష, సంభాషణలే ఎక్కువ. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి ఇంగ్లీషు నవల కోసం చూస్తున్నవాళ్ళకి బాగా పనికొస్తుంది, డిక్షనరీ పక్కన పెట్టుకుంటే మొదటి యాభై పేజీల తర్వాత దాని అవసరం తగ్గుతుంది. ముద్దులు దాటి పోదు, అయితే బెత్తం దెబ్బలు, తండ్రి కొడుకుని కొరడాతో కొట్టడం, మరణాలు ఉన్నాయి కాబట్టి పదమూడేళ్ళ లోపు పిల్లలకి వద్దు. ఫుట్‌పాత్ మీద సగం ధరకి చూస్తే అట్ట మెరుపు చూసి మోసపోకుండా మధ్యలో నాలుగైదు చోట్ల తెరిచి చూడండి. దొంగ ముద్రణ అయితే అక్షరాలు మసకగా, లోపలి మార్జిన్ వెన్నులోకి దూరిపోయి ఉంటాయి, అప్పుడప్పుడు ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) మొత్తం తప్పిపోతుంది. 'ది వన్' కొనేటప్పుడు చివరి పేజీ ఉందో లేదో చూసుకోండి, చదవకుండా.