2 శాతం నైట్రోజన్ కలిపిన ఆర్గాన్: మూడున్నరేళ్లు వాడాక

డూప్లెక్స్ అంటే లోపల ఫెర్రైట్, ఆస్టినైట్ అనే రెండు రకాల నిర్మాణాలు దాదాపు సగం సగం ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు; అంతకుమించి సోదంతా వదిలేస్తున్నా. విశాఖ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. సముద్రపు నీటి లైన్లకి 2205 రకం డూప్లెక్స్ పైపు స్పూళ్లు (ముందే వెల్డ్ చేసిన పైపు ముక్కలు) చేస్తాం, అంతా ఆర్గాన్ వెల్డింగే. ఈ 2 శాతం సిలిండర్ మీద నాకున్న అభిమానమంతా ఒక్క రూట్ దగ్గర, అంటే పైపు లోపలి వైపు కనిపించే మొదటి వెల్డు పొర దగ్గర, పుట్టిందే.

మొదటి ఆర్డరు మామూలు ఆర్గాన్‌తోనే మొదలెట్టాం. టార్చ్‌కీ అదే, పైపు లోపలి గాలిని తరిమేసే పర్జింగ్‌కీ అదే. ఫిల్లరు (కరిగించి కలిపే రాడ్) 2209. టెస్ట్ కూపన్ (పరీక్ష కోసం వెల్డ్ చేసిన ముక్క) రూట్ వెండి గిన్నెలా మెరిసింది. ఎక్స్‌రే పాసు, బెండ్ పాసు. పార్టీవాళ్లు తుప్పు పరీక్ష కూడా రాసుకున్నారు: ఫెర్రిక్ క్లోరైడ్‌లో 22 డిగ్రీల దగ్గర 24 గంటలు. ల్యాబ్ నుంచి ముక్క తిరిగొచ్చింది. క్యాపింగ్ వైపు, అంటే బయటి పొర మీద, ఏమీ కాలేదు. తిరగేసి రూట్ మీద గోటితో గీస్తే గోరు ఆగింది. గుండుసూది మొన దిగేంత గుంటలు, నాలుగో ఐదో, రూట్ నడుమ వరసగా. ఫెర్రైట్ మీటరు పెడితే అక్కడ 68 శాతం.

మా వెల్డరన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. చెయ్యి ఆయనదే గానీ తప్పు ఆయనది కాదు. వట్టి ఆర్గాన్ కింద, కరిగిన లోహంలోని నైట్రోజన్ కొంత బయటికి పోతుంది. అది తగ్గితే ఆస్టినైట్ తగ్గుతుంది, ఫెర్రైట్ పెరుగుతుంది. గుంటలు పడకుండా ఆపే శక్తిని లెక్కేసేటప్పుడు నైట్రోజన్‌ని 16తో గుణిస్తారు. అంటే 0.05 శాతం ఎగిరిపోయినా 0.8 పాయింట్లు గోవిందా. ఉప్పునీళ్లు తగిలేది ఆ రూట్‌కే.

అప్పుడు తెచ్చాం ఈ 2 శాతం సిలిండర్. మళ్లీ కూపన్, మళ్లీ అదే పరీక్ష. ఈసారి ఒక్క గుంట లేదు, ఫెర్రైట్ 50 దగ్గర. ఆటోనగర్‌లో కనిపించినవాడికల్లా ‘ఇదే మందు’ అని చెప్పుకుంటూ తిరిగాను.

ఇప్పుడు కొంచెం తగ్గి చెబుతున్నా. అదే రోజు పర్జింగ్‌ని కూడా వట్టి నైట్రోజన్‌కి మార్చాం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాకే పట్టలేదు. తర్వాత ఒక సంక్రాంతికి డీలరు షాపు మూసేశాడు. టార్చ్‌కి మామూలు ఆర్గాన్, లోపల నైట్రోజన్ పెట్టి ఒక కూపన్ చేస్తే అదీ పాసైంది. ఫెర్రైట్ మాత్రం నాలుగైదు పాయింట్లు ఎక్కువొచ్చింది. కాబట్టి మెచ్చుకోలులో సగం పర్జింగ్‌కి పోవాలి.

ఇక నీడిల్ గొడవ. నీడిల్ అంటే టార్చ్‌లో ఆర్క్ పుట్టించే టంగ్‌స్టన్ కడ్డీ. నైట్రోజన్ టంగ్‌స్టన్‌ని తినేస్తుంది. మామూలు ఆర్గాన్‌తో పూట గడిచే మొన దీంతో రెండు మూడు జాయింట్లకే మొద్దుబారి, అంచున చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి, ఆర్క్ చెదిరిపోతుంది. పట్టించుకోకపోతే ముక్క విరిగి లోహంలో పడుతుంది. ఎక్స్‌రే ఫిల్మ్ మీద తెల్లటి చుక్క, రిపేరు. అలాంటివి మాకు రెండయ్యాయి. 2 మంచిదైతే 5 ఇంకా మంచిదని ఎవరైనా అంటే వినకండి. నీడిల్ ఇంకా త్వరగా పోతుంది, పైగా బుడగలు పడతాయి.

మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక షట్టరు దించమంటే మా హెల్పరు కుర్రాడు, “గాల్లో 78 శాతం నైట్రోజనే కదా గురూ, సిలిండర్‌కి డబ్బులెందుకు?” అన్నాడు. మిగతా 22లో 21 ఆక్సిజనేరా బాబూ! మామూలు 316 స్టెయిన్‌లెస్ పనికి వాడే హైడ్రోజన్ కలిసిన గ్యాసు కూడా డూప్లెక్స్ దగ్గరికి రానివ్వకండి, ఫెర్రైట్‌లో పగుళ్లు తెస్తుంది.

కొనమంటానా? మా పైపులు సన్నవి, తుప్పు పరీక్ష తప్పదు కాబట్టి నేను కొంటూనే ఉంటాను, అదీ రూట్‌కీ, దాని మీద వేసే రెండో పొర హాట్ పాస్‌కీ మాత్రమే. ఫిల్లర్ రాడ్ లేకుండా కరిగించే జాయింట్లయితే అసలు ఆలోచించక్కర్లేదు, తెచ్చుకోండి. పరీక్ష అడగని పార్టీ అయితే ముందు పర్జింగ్ మార్చి చూడండి. ఖరీదు మామూలు ఆర్గాన్ కంటే బాగా ఎక్కువ, పైగా మా డీలరు ముందు రోజు చెబితే గానీ తేడు. రెండు సిలిండర్లూ పక్కపక్కనే ఉంటే ఎవరో ఒకరు మార్చి తగిలిస్తున్నారని, దీని మెడకి ఒక ఎర్ర గుడ్డ కట్టి ఉంచాం.