మియాటా ఫ్యాన్‌కు చేతి స్విచ్చు: ఆరు వేసవుల తరువాత

నా బండి 1991 మాజ్డా మియాటా, ఇద్దరు కూర్చునే చిన్న టాప్‌లేని స్పోర్ట్స్ కారు. 1.6 లీటర్ల ఇంజిను, ఐదు గేర్లు, పైకి లేచే హెడ్‌లైట్లు, టన్నుకు కాస్త తక్కువ బరువు. ఉండేది డాలస్ పక్కన. ఇక్కడ జూలై, ఆగస్టు నెలల ఎండ ఎలా ఉంటుందో విజయవాడలో మే నెల చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. రేడియేటర్ ఫ్యాన్‌ను నాకు కావలసినప్పుడు తిప్పుకునేలా 2019 వేసవిలో ఒక స్విచ్చు పెట్టుకున్నాను. ఒకసారి తప్పుగా, మరోసారి సరిగా. ఖర్చు మొత్తం పదిహేను డాలర్లు దాటలేదు. నాకు మేలూ చేసింది, ఒకసారి నిలువునా ముంచబోయింది కూడా.

ముందు కంపెనీ ఏర్పాటు ఏమిటో చెప్పాలి. రేడియేటర్ వెనుక రెండు ఫ్యాన్లు ఉంటాయి. ఒకటి ఇంజిను కోసం, రెండోది ఏసీ కోసం. థర్మోస్టాట్ దాదాపు 88 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుని నీటిని రేడియేటర్‌లోకి వదులుతుంది. ఆ థర్మోస్టాట్ గూటిలోనే ఒకే వైరున్న చిన్న థర్మోస్విచ్ ఉంటుంది. నీళ్లు 97 డిగ్రీలకు చేరితే అది లోపల కలుసుకుని, ఫ్యాన్ రిలేకు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చుకు) ఎర్త్ ఇస్తుంది, అంటే దాని వైరును బండి రేకుకు కలుపుతుంది. రిలే కలుస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది. ఈ 1.6 లీటర్ల బండ్లలో కంప్యూటర్‌కు ఈ వ్యవహారంతో సంబంధం లేదు. నాకు ఇది నచ్చిన సంగతి, ఎందుకంటే మనిషి కంటితో చూసి అర్థం చేసుకోగల వైరింగ్ ఇది.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఏసీ బటన్ నొక్కితే రెండు ఫ్యాన్లూ తిరుగుతాయి. అంటే ఏసీ బాగున్నవాళ్లకు చేతి స్విచ్చు కంపెనీయే ఇచ్చినట్టు. కాకపోతే కంప్రెసర్ బరువు ఇంజిను మీద పడుతుంది, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ నుంచి వేడి వచ్చి రేడియేటర్‌కు తగులుతుంది. నా బండిలో ఆ గొడవే లేదు. పాత ఆర్-12 గ్యాసుతో వచ్చిన ఏసీ, నేను కొనే నాటికే ఖాళీ. గ్యాసు లేకపోతే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను కదలనివ్వదు, బటన్ నొక్కినా ఫ్యాన్ తిరగదు.

మొదటిసారి చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఫ్యాన్ మోటారుకు పోయే లావు వైరును పట్టుకుని, బ్యాటరీ కరెంటును క్యాబిన్‌లోకి తెచ్చి, ఒక టాగుల్ స్విచ్చు గుండా తిప్పి మోటారుకు పంపాను. స్విచ్చు మీద 20 ఆంపియర్లు అని అచ్చు వేసి ఉంది, నమ్మాను. ఫ్యూజు పెట్టలేదు. ఫ్యాన్ మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో లాగే కరెంటు, తిరుగుతున్నప్పటి కరెంటుకు కొన్ని రెట్లు ఉంటుందన్న ఆలోచనే రాలేదు. నెల తిరగకముందే ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. మీటను తాకితే వేలు చురుక్కుమంది. ఇంటికి వచ్చి విప్పితే, వెనుక ఇత్తడి కాలు మెత్తబడ్డ ప్లాస్టిక్‌లో పాలపన్నులా ఊగుతోంది. ఆ రాత్రే మొత్తం పీకేశాను.

రెండో పద్ధతి ఇంత చిన్నదా అనిపించేంత చిన్నది. బానెట్ కింద, డ్రైవర్ వైపు, డయాగ్నసిస్ అని మూత మీద రాసిన చిన్న పెట్టె ఉంటుంది. అందులో టీఎఫ్ఏ అనే గడి నేరుగా ఫ్యాన్ రిలే ఎర్త్ వైరుకు కలిసి ఉంటుంది. తాళం ఆన్‌లో పెట్టి, టీఎఫ్ఏను పక్కనే ఉన్న జీఎన్‌డీ (ఎర్త్) గడితో ఒక వైరు ముక్కతో కలపండి. ఫ్యాన్ గిర్రున లేస్తుంది. మెకానిక్ ఫ్యాన్‌ను పరీక్షించడానికి కంపెనీ పెట్టిన దారి అది. నేను చేసిందల్లా ఆ రెండు గడుల మధ్య వైరు ముక్కకు బదులు ఒక స్విచ్చు పెట్టడం. టీఎఫ్ఏ నుంచి సన్నని వైరు ఒకటి రబ్బరు బిళ్ల గుండా క్యాబిన్‌లోకి తెచ్చాను. డాష్‌బోర్డు కింద ఎడమ మోకాలి దగ్గర చిన్న ఇనుప పట్టీకి స్విచ్చు బిగించి, దాని రెండో కాలును బాడీకి ఎర్త్ చేశాను. డాష్‌బోర్డుకు ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు.

ఇందులో అందం ఏమిటంటే, స్విచ్చు గుండా పోయేది రిలే కాయిల్ కరెంటు మాత్రమే, ఆంపియర్‌లో చిన్న భాగం. భారం మోసేది కంపెనీ రిలే, కాపాడేది కంపెనీ ఫ్యూజు. పైగా నా స్విచ్చు థర్మోస్విచ్‌కు పక్కవాటుగా ఉంది, దాని స్థానంలో లేదు. నేను మరచిపోయినా అది తన పని తాను చేసుకుంటుంది. మూడో ఏడు ఈ పద్ధతి గుణం కళ్లారా చూశాను. రబ్బరు బిళ్ల జారి, రేకు అంచుకు రాసుకుని వైరు తొడుగు అరిగిపోయింది. రాగి బాడీకి తగిలింది. జరిగిన నష్టం? ఫ్యాన్ ఆగకుండా తిరిగింది, అంతే. నా మొదటి వైరింగ్‌లో అదే జరిగి ఉంటే, ఫ్యూజు లేని బ్యాటరీ వైరు రేకుకు తగిలి ఉండేది. ఆ మాట ఇంట్లో ఇప్పటిదాకా చెప్పలేదు.

దీపం సంగతి కూడా చెబుతాను. చిన్న ఎర్ర ఎల్‌ఈడీ, వరసలో ఒక రెసిస్టరు. ఒక కొస ఇగ్నిషన్ కరెంటుకు, రెండో కొస టీఎఫ్ఏ వైరుకు. ఆ వైరు ఎర్త్ అయినప్పుడల్లా దీపం వెలుగుతుంది, ఎర్త్ చేసింది నా వేలైనా సరే, థర్మోస్విచ్ అయినా సరే. ఇంజిను తనంతట తాను ఫ్యాన్ అడిగిందని అలా తెలుస్తుంది. అయితే దీపం వెలిగిందంటే ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే అర్థం. మోటారు బ్రష్‌లు అరిగిపోయినా, ప్లగ్గు తుప్పు పట్టినా దీపం నవ్వుతూనే ఉంటుంది. చెవి ఒగ్గి ఫ్యాన్ చప్పుడు వినక తప్పదు.

ఇక వాడకం. హైవే మీద గాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, స్విచ్చును తాకనక్కర్లేదు. ముందు బ్రేకు లైట్లు బారులు తీరి కనబడగానే స్విచ్చును పైకి నెడతాను. 97 దాకా ఎక్కి, ఫ్యాన్ వచ్చాక దిగి, మళ్లీ ఎక్కే ఊగిసలాట ఉండదు. ఇంజిను మరీ చల్లబడుతుందని కొందరి భయం. థర్మోస్టాట్ బాగుంటే అది జరగదు, 88 కిందికి వస్తే అదే దారి మూసుకుంటుంది. ఆటోక్రాస్ అనే పోటీకి వెళ్లినప్పుడు మాత్రం ఈ స్విచ్చు బంగారం. ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్‌ల మధ్య నిమిషం పరుగు, తరువాత ఎండలో వరసలో నిరీక్షణ. పరుగుకూ పరుగుకూ మధ్య ఇంజినును కాసేపు నిదానంగా తిరగనిచ్చి ఫ్యాన్ వేస్తాను. ఇంజిను ఆపి ఫ్యాన్ మాత్రమే తిప్పితే లాభం తక్కువ. నీళ్ల పంపు బెల్టుతో తిరిగేది కాబట్టి రేడియేటర్ ఒక్కటే చల్లబడుతుంది, ఇంజినులో నీళ్లు నిలిచిపోతాయి.

అలా ఇంజిను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, ఫ్యాన్ తిరుగుతుండగా ఒకాయనతో టైర్ల గురించి మాటల్లో పడ్డాను. మియాటా బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, చూడడానికి బొమ్మ బ్యాటరీలా ఉంటుంది. నా వంతు వచ్చేసరికి దిగిపోయింది. ఇద్దరు తోస్తే రెండో గేరులో అందుకుంది. బండి తేలికగా ఉండడంలో ఇదో సుఖం.

ముంచబోయిందని అన్నది వేరే సంగతి. 2022 జూలైలో మా బావమరిది బండి తీసుకుని ఇర్వింగ్ వెళ్లాడు. నాలుగున్నరకు ఫోను.

“బావా, 635 హైవే మీద అంతా ఆగిపోయింది. వేడి ముల్లు సగం దాటి పైకి పోతోంది.”

“హీటర్ పూర్తిగా వేడి వైపు తిప్పి, గాలి చివరిదాకా పెట్టు.”

“ఈ ఎండలో హీటరా?”

“అది కూడా ఒక చిన్న రేడియేటరే. తిప్పు. ఎడమ మోకాలి దగ్గర స్విచ్చు ఉంటుంది, పైకి అను.”

కాసేపు ఏమీ వినబడలేదు. తరువాత ఫ్యాన్ మోత, దానితోపాటు వాడి నిట్టూర్పు. ముల్లు దిగింది. పావుగంట తరువాత, ఒళ్లంతా తడిసి, నా వంక చూడకుండా తాళాలు బల్ల మీద పెట్టాడు.

థర్మోస్విచ్ చచ్చిపోయి ఉంది. ఎన్నాళ్లుగానో నాకు తెలియదు. ట్రాఫిక్ కనబడగానే నేనే స్విచ్చు వేస్తున్నాను కాబట్టి దాని అవసరమే రాలేదు. ఎర్ర దీపం నేను వేయకుండా వెలిగి చాలా కాలమైందన్న సంగతి కూడా గమనించలేదు. దాన్ని ఊడదీసి, గిన్నెలో నీళ్లు పోసి, కొస మాత్రం మునిగేలా తీగతో వేలాడదీసి పొయ్యి మీద పెట్టాను. మీటరు ఒక కొస దాని పిన్నుకు, రెండోది దాని ఇత్తడి ఒంటికి. 97 దాటింది, నీళ్లు తెర్లాయి, మీటరు పలకలేదు. కొత్తది తెచ్చి అదే గిన్నెలో పెడితే మరిగే ముందే కూత పెట్టింది. గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదని మా ఆవిడ తీర్పు. గ్యారేజీలో బోల్టులు వేసుకుంటున్నాను.

అప్పటి నుంచి నెలకోసారి స్విచ్చు దించి, ఇంటి ముందు బండిని నిలిపి, దీపం తనంతట తాను వెలిగేదాకా కదలను. ఎండాకాలంలో పది, పదిహేను నిమిషాల పని.

ఈ స్విచ్చు రోగాలు కుదర్చదన్నది కూడా చెప్పాలి. ప్లాస్టిక్ తొట్టి నలుపు పోయి గోధుమ రంగుకు తిరిగిన రేడియేటర్ ఉంటే ముందు దాన్ని మార్చండి, అది ఏ రోజైనా పగులుతుంది. ఇంకా ఈ ఇంజిను, అడ్డంగా బిగించి ముందు చక్రాలను నడిపే బండి నుంచి వచ్చింది. దాన్ని నిలువుగా తిప్పి పెట్టినప్పుడు థర్మోస్టాట్ ముందు కొసనే ఉండిపోయింది. అందుకే వెనుక సిలిండర్లకు నీళ్లు సరిగా అందవు. ట్రాక్ మీద గట్టిగా తోలేవాళ్లు నీటి దారిని వెనుక నుంచి తిప్పుకుంటారు. ఫ్యాన్ ఎంత తిప్పినా ఆ లోటు తీరదు. రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చేవాళ్లకు, ఏసీ బాగున్నవాళ్లకు ఈ పని అసలు అవసరం లేదనే అంటాను.

వచ్చే శనివారం ఒక స్నేహితుడు తన 1992 బండి తెస్తున్నాడు. ఆటో, ఆన్, ఆఫ్ అని మూడు స్థానాల స్విచ్చు కావాలట. ఆఫ్ ఎందుకని అడిగితే ఊరికే ఉంటుందిలే అన్నాడు. నేను రెండు స్థానాలదే కొనిపెట్టాను.