రిజిస్టరా, ట్యాబా, రాష్ట్రమంతటికీ ఒకే పోర్టలా? పల్లెల్లో మానసిక వైద్యానికి ఏది మేలు?

స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకు మందు వాడుతున్న మనిషి మూడు నెలలు వరసగా పీహెచ్‌సీకి వచ్చి, నాలుగో నెల రాలేదనుకుందాం. ఆ సంగతి ఎవరి కంట పడుతుంది, ఎన్ని రోజులకు? రికార్డులు రాసే పద్ధతుల్లో ఏది మేలో తేల్చడానికి నేను ముందుగా అడిగే ప్రశ్న ఇదే. జ్వరమొచ్చినవాళ్లు మళ్లీ రాలేదంటే తగ్గిపోయిందనుకుంటాం. ఇక్కడ రాలేదంటే చాలాసార్లు మందు మానేశారనే అర్థం. కొన్ని వారాలకో నెలలకో జబ్బు తిరగబెడుతుంది.

ముందు పాత పద్ధతి సంగతి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైతే, అందులో మన మెదక్ ఒకటి. అప్పటి నుంచీ ఈ పనికి ఆధారం ఓపీ రిజిస్టరే. కరెంటు, సిగ్నల్, పాస్‌వర్డ్ ఏవీ అక్కర్లేదు. కొత్తగా వచ్చిన నర్సుకు అరగంటలో నేర్పించవచ్చు. చిక్కల్లా, అందులో పేర్లు వచ్చిన తేదీ వరసలో ఉంటాయి. వచ్చినవాళ్లకే అందులో గీత ఉంటుంది, రానివాళ్లకు ఉండదు. నెలాఖరున పైకి వెళ్లే రిపోర్టులోనూ అంతే. 40 ఓపీ అని రాస్తే అది 40 మందా, 20 మంది రెండేసి సార్లు వచ్చారా అన్నది తెలియదు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు లక్ష్ములుంటే పాత పేజీలు వెతకడం ఇక దేవుడి దయ. జిల్లా టీమ్‌లో కేస్ రిజిస్ట్రీ అసిస్టెంట్ అనే పోస్టు కూడా ఉంది. ఆ మనిషి చేత మొత్తాలు కూడించడం కంటే రానివాళ్ల పేర్లు తీయిస్తే ఎక్కువ పనికొస్తుంది.

ఇక ట్యాబ్. దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది: పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ పరిశోధకులు నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, డిప్రెషన్, ఆందోళన లక్షణాల గురించిన ప్రశ్నలు అడిగి జవాబులు ట్యాబ్‌లో నమోదు చేశారు. స్కోరు ఎక్కువ వచ్చినవాళ్ల వివరాలు పీహెచ్‌సీ డాక్టర్ ట్యాబ్‌కు చేరేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ఆధారంగా ఏం చేయాలో అందులో సూచనలు వచ్చేవి. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతి మెట్టు. ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో ట్రాఫిక్ లైట్ల రంగుల్లో ఆశాకు జాబితా తిరిగొచ్చేది. మిగతా చోట్ల సమాచారం కింది నుంచి పైకి పోవడమే తప్ప ఇలా వెనక్కి రావడం అరుదు.

గిరిజన గ్రామాల్లో చేసిన తొలి దశలో, సమస్య ఉన్నట్టు తేలినవాళ్లలో వైద్యసేవలు వాడుకునేవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. అయితే ఈ మెప్పంతా ట్యాబ్‌కే ఇవ్వలేం. అది ముందూ తర్వాతా పోల్చిన లెక్క. ఇంటింటి స్క్రీనింగ్, మానసిక జబ్బుల మీద చిన్నచూపు పోగొట్టే ప్రచారం కూడా అప్పుడే నడిచాయి. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, హర్యానాల్లో 44 పీహెచ్‌సీలతో పెద్ద ట్రయల్ చేశారు. ఇంకో మాట. ఇది ప్రధానంగా డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ముప్పు కోసం చేసింది. మొదట్లో చెప్పిన స్కిజోఫ్రెనియా మనిషికి దీన్ని యథాతథంగా వాడలేం.

ట్యాబ్‌తో అసలు టెన్షన్ ఆశాలకే. వాళ్ల నెత్తిన ఇప్పటికే బోలెడు యాప్‌లున్నాయి. బీపీ, షుగర్ సర్వే ఫారంలో కూడా మానసిక ఆరోగ్యం మీద రెండు ప్రశ్నలు ఉంటాయి. ఫారానికి ఇంతని డబ్బులిచ్చే పనిలో అలాంటి ప్రశ్నలకు గబగబా సున్నాలు పడిపోతే ఆమెను తప్పుపట్టలేం. పైగా ‘చచ్చిపోతే బాగుండని అనిపిస్తోందా’ అని వాకిట్లో, పక్కన అత్తగారు నిలబడి ఉండగా ఎలా అడుగుతుంది? అడిగినా నిజం ఎవరు చెబుతారు?

మూడోది రాష్ట్ర పోర్టల్. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్, అక్కడి ట్రిపుల్ ఐటీలతో కలిసి కర్ణాటక 2020లో ఈ-మానస్ తెచ్చింది. వైద్య సంస్థలు, నిపుణుల నమోదుతో పాటు రోగి రికార్డు కూడా అందులో పెట్టవచ్చు. వలస వెళ్లేవాళ్లకు ఇలాంటిది నిజంగా మేలు. పాలమూరు నుంచి ముంబై పనికి వెళ్లిన మనిషి లిథియం (మూడ్ విపరీతంగా మారే జబ్బుకు ఇచ్చే మందు) వాడుతుంటే, కిందటిసారి రక్తపరీక్షలో అది ఎంత ఉందో అక్కడి డాక్టర్‌కు తెలియాలి. ఓపీ చీటీ జేబులో నానిపోతే చెప్పే దిక్కుండదు. కాకపోతే రాష్ట్రం దాటాక కూడా రికార్డు తెరుచుకుంటేనే ఆ లాభం.

భయం కూడా ఇక్కడే ఎక్కువ. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికి కూడా గోప్యత హక్కు వర్తిస్తుంది. రిజిస్టర్ బయటపడితే ఒక ఊరి గుట్టు బయటపడుతుంది. పోర్టల్ బయటపడితే రాష్ట్రమంతటిదీ. అందుకే సర్వర్ ఎంత పెద్దదన్నది తర్వాత, లాగిన్ ఎందరి చేతుల్లో ఉందో ముందు అడగాలి. సమీక్షా సమావేశాలకు సంఖ్యలు చాలు, పేర్లు ఎందుకు?

నన్నడిగితే, ఇంటింటి స్క్రీనింగ్ నిజంగా చేయగల చోట ట్యాబే. పోర్టల్‌ను ముందు జిల్లా ఆసుపత్రులకూ బోధనాసుపత్రులకూ పరిమితం చేయాలి. కొద్దిమంది రోగులే ఉన్న చిన్న పీహెచ్‌సీకి ఈ రెండూ అక్కర్లేదు, అలాగని ఇప్పటి రిజిస్టర్ కూడా చాలదు. టీకాల కోసం ఏఎన్‌ఎంలు వాడే టిక్లర్ బ్యాగ్ ఉంది కదా, నెలకో అర చొప్పున కార్డులు పెట్టుకునేది? అదే ఇక్కడా పెట్టవచ్చు. ఒక్కొక్కరికీ ఒక కార్డు, మళ్లీ రావాల్సిన తేదీని బట్టి అర. నెలాఖరుకు ఆ అరలో మిగిలిన కార్డులే రానివాళ్లు. ట్యాబ్ జాబితా చేసే పనిలో ముఖ్యమైన సగం ఇదే, ఖర్చు ఒక గుడ్డ సంచి. రోజూ మాత్రలకు బదులు రెండు నుంచి నాలుగు వారాలకోసారి మందు సూది వేయించుకునేవాళ్లకు మాత్రం నెల అర సరిపోదు, వారానికో అర కావాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా, గుర్తుచేసే మెసేజ్‌లో జబ్బు పేరు, మందు పేరు రాయొద్దు. ‘మీ చెకప్ గురువారం’ అంటే చాలు. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే ఉంటుంది, ఆ మెసేజ్ ముందు ఎవరు చదువుతారో చెప్పలేం.